నాలుక పరీక్ష

కొర్చాలో మంచు పడబోతోందంటే
ముందుగా నా షెడ్డుకే తెలుస్తుంది.
హీటర్లు జనానికి ఒక్కసారిగా గుర్తొస్తాయి.

పెత్రాక్ బండి ఎనభై తొమ్మిది మోడల్ మెర్సిడెస్.
జర్మనీలో ఎవరో డాక్టరు దగ్గర బుద్ధిగా పెరిగి
ఇక్కడికొచ్చి టాక్సీ అయింది.
మీటరు ఆరు లక్షల దగ్గర ఆగిపోయింది,
బండి ఆగలేదు.

"వసిలికా, గాలంతా అద్దానికే పోతోంది," అన్నాడు,
"నా ఛాతీకి ఒక్క ఊదు కూడా రాదు.
పొగ్రాదెత్స్ చేరేసరికి
వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోతున్నాయి."
ఆయన ఫిర్యాదుల్లో సగం గాలి, సగం గాలిమాట.
కానీ ముగ్గురు మెకానిక్కులు చూశారట ఇదివరకే.
ఒకడు ఫ్యాను మార్చాడు.
ఒకడు గ్యాస్ నింపాడు, జనవరిలో!
మూడోవాడు "పాత బండి కదా" అన్నాడు.
ఆ మాట అన్నందుకు కూడా డబ్బు తీసుకున్నాడు.

ఇంజను నడవనిచ్చి, ఫ్యాను ఆపి
డ్యాష్‌బోర్డుకి చెవి ఆనించాను.
సన్నగా ఒక బుస.
పాము కాదు, పాముకి ఇంత ఓపిక ఉండదు.

ఈ బండిలో మీట నొక్కితే
లోపలి తలుపుల్ని లాగేది మోటారు కాదు.
ఇంజను పీల్చే ఊపిరిలోంచి కాస్త అప్పు తెచ్చుకుని,
పురికొసంత గొట్టాల వెంట పోయి,
ఒక్కో తలుపునీ తెరుస్తుంది.
ఆ అప్పు దారిలో కారిపోతే తలుపులు మూసుకుంటాయి,
ఉన్న వెచ్చదనమంతా అద్దం పాలవుతుంది.
డ్రైవరు వణికితే వణికాడు, దారి మాత్రం కనపడాలని
ఎవరో ఇంజనీరు ముందే రాసిపెట్టిన వీలునామా.

గ్లవ్ బాక్సు ఊడదీశాను.
రాయని పెన్నులు మూడు, సెయింట్ నికొలాస్ బొమ్మ,
ఎవరి పాపాయిదో ఒంటి మేజోడు.
మేకులన్నీ పెదాల మధ్య పెట్టుకున్నాను.
ముప్పై ఏళ్ళ ప్లాస్టిక్కు
గట్టిగా చూస్తే విరిగేలా ఉంది.

మా నాన్న లిగోర్ దగ్గర గేజీ ఉండేది కాదు, నోరుండేది.
గొట్టం కొసను పీల్చి, నాలుకతో మూసి,
ఇరవై దాకా లెక్కపెట్టడం.
నాలుకను వదలకుండా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు.
వదిలేస్తే "మాట తప్పింది" అనేవాడు.
నా దగ్గర గేజీ ఉంది. పెట్టెలో ఉంది.
నేనూ నాలుకే పెట్టాను.

పచ్చచార గొట్టం: ఇరవై, ముప్పై,
నా నాలుక నేనే లాక్కోవాల్సొచ్చింది.
ఎర్రచార కూడా అంతే.
నీలిచార నాలుగు దగ్గర వదిలేసింది.

నిమ్మకాయంత డబ్బా,
దాని లోపల నల్లటి పొర, పొర మీద
వెంట్రుకంత చీలిక.
దీని మూలంగా ఒక మనిషి ఐదు చలికాలాలు వణికాడు.

కొత్తది తెప్పించే ఖరీదు చెబితే
పెత్రాక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సైకిలు ట్యూబు ముక్క వేసి చూశాను. మందం, కదల్లేదు.
పుట్టినరోజు బెలూను మొదటి లాగుడికే పోయింది.
ఆస్పత్రిలో పనిచేసే మా వదిన ఉరానీ
ఆపరేషన్ గ్లవ్వు ఒకటి పంపింది.
అరచేతి మేర కత్తిరించి బిగించాను.
పది. ఇరవై. నలభై.
పట్టుకుంది.

పెత్రాక్ ఫ్యాను తిప్పాడు.
ముందు దుమ్ము, దాని వెనకే ఎండుటాకు,
ఆ తర్వాత పాత పైపు పొగాకు వాసన.
డాక్టరుగారిది కాబోలు,
తలుపు వెనక ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చుంది.
అప్పుడొచ్చింది వెచ్చన.
పెత్రాక్ కోటు గుండీ ఒకటి విప్పాడు.
ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం
నేను చూడ్డం అదే మొదటిసారి.

సగం డబ్బిచ్చాడు, మిగతాది శనివారం అన్నాడు.
ఆ మాటకి నాలుక పరీక్ష లేదు.

గేటు దాటుతూనే సిగరెట్టు వెలిగించి
కిటికీ అద్దం పూర్తిగా దించేశాడు.
మంచు లోపలికి పడుతోంది,
వెచ్చటి గాలి రోడ్డు మీదికి పోతోంది.
అరిచాను.
మోచెయ్యి బయటపెట్టి, చెయ్యి ఊపాడు.